ఒకటో వాది

రజిత ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో ఎవరివో దావా కాగితాలు స్కాన్ చేస్తున్నాను.

"మేడం, అత్తమ్మ పోయింది. పొద్దుగాల" అంది. గొంతులో ఏడుపు లేదు. బాగా అలసిపోయిన మనిషి గొంతు. "దవాఖాననుంచి ఇంటికి తెచ్చినం. మీకు చెప్పకుంటే ఎట్ల అని."

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక పని సాగలేదు. స్కానర్ మూత తెరిచినట్టే ఉంచి కాసేపు కూర్చున్నాను.

ఆఫీసంటే అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, చెప్పుల దుకాణం పైన ఒక గది. మెట్లు ఇరుకు. ఆ మెట్లెక్కి రజిత అత్తగారు మొదటిసారి వచ్చిన మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఉన్నాను. పొట్టి మనిషి, సన్నగా, గుమ్మంలో నిలబడి గది అంతా చూసింది.

"వకీలు లేడా?"

"నేనేనమ్మా."

"ఆడపిల్లవా! మంచిగైంది" అని లోపలికొచ్చి కూర్చుంది. కుర్చీకి వీపు ఆనించలేదు. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా, ఎంతసేపు ఉన్నా, ఆమె వీపు ఆ కుర్చీకి తగలగా నేను చూడలేదు. రవిక భుజం దగ్గర ఒక సూది గుచ్చి ఉంది, దాని చుట్టూ దారం. అబిడ్స్ చీరల దుకాణాలు ఆమెకు ఫాల్ కుట్టే పని ఇచ్చేవి. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయి ఇంట్లో కూర్చుని కుట్టి, సాయంత్రం మూట కట్టుకుని నడిచివచ్చి ఇచ్చిపోయేది. దారాన్ని పంటితో తెంపీ తెంపీ ముందు పన్ను అంచు ఒక పక్కకు అరిగిపోయింది. మనిషి ఎదురుపడితే ముందు బట్టలు చూసేది, తర్వాతే ముఖం.

"ఏడేండ్లు మనిషి కనపడకుంటే కోర్టు ఒక కాగితం ఇస్తదంట గద" అంది. "గది గావాలె."

"ఎవరు కనపడటం లేదమ్మా?"

ఆమె నా కుర్చీకి వేలాడుతున్న నల్లకోటు వైపు చూసింది. "నీ కోటు అంచు ఊడింది. ఇటియ్యి."

వద్దన్నా వినలేదు. కోటు ఒళ్ళో వేసుకుని, సూది తీసి, కుట్టు మీదే కళ్ళుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కడే కొడుకు. మోటారు విడిభాగాల దుకాణంలో లెక్కలు రాసేవాడు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. ఏడేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున "జర అబిడ్స్‌ల తిరిగొస్త" అని చెప్పులేసుకుని పోయాడు. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడటం అతనికి అలవాటు. భార్యతో గొడవ లేదు, అప్పుల్లేవు, ఒంట్లో రోగం లేదు. పోలీసులకు చెప్పారు. పేపర్లో వేయించారు. దవాఖానలు, ఆశ్రమాలు, రైల్వే స్టేషన్లు తిరిగారు. ఎక్కడో చూశామని ఎవరో చెబితే అక్కడికీ పోయి వచ్చారు.

"నీకు చెప్పెటందుకు గంతే ఉంది" అని దారం పంటితో తెంపి కోటు నాకిచ్చింది. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు.

కాగితం తనకు కాదట, కోడలికట. రజితకు అప్పటికి ముప్పై నిండాయి. అబిడ్స్‌లోనే కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. అదే దుకాణంలో అద్దాలు సానపట్టే అతను, భార్య పోయినవాడు, ఆమెను పెళ్ళి చేసుకుంటానని ఎవరి చేతనో అడిగించాడు. రజిత కాదంది. ఆ సంగతి అత్తగారికి తెలిసింది. కోడలికి చెప్పకుండా దుకాణానికి వెళ్ళి, అద్దాలు కావాలన్నట్టు కూర్చుని, అతన్ని చూసి వచ్చింది.

"ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగాను.

"చొక్కకు ఒక గుండీ వేరే రంగుది. ఆయనే కుట్టుకున్నడు. కుట్టు వంకర గని గట్టిగ కుట్టిండు" అంది. ఆమె దగ్గర అది పెద్ద మెప్పే.

రజిత విడాకులు కూడా తీసుకోవచ్చు, ఏడేళ్ళు ఆచూకీ లేని భర్త విషయంలో చట్టంలో ఆ దారీ ఉంది అని చెప్పాను. విడాకులైతే మరి వాడి ప్రావిడెంట్ ఫండు ఎవరికి పోతుందని అడిగింది. భార్య కాకుండా పోతే రజితకు కష్టమేనన్నాను. "మరింకేంది? అది దానికే రావాలె. వాడు దానికి ఇంకేమిచ్చిండు?" అంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. అతను మరణించినట్లు భావించాలని సివిల్ కోర్టు ప్రకటించాలి. భార్య వాదిగా దావా వేస్తే చాలు, మీరు పేరుకు ప్రతివాదిగా ఉంటే సరిపోతుంది అని వివరించాను.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"గట్ల గాదు. నేనే వేస్త. నా పేరే ముందుండాలె. మొగుడు సచ్చిండని కోర్టుకు ఎక్కింది, మారుపెండ్లి కోసం ఎక్కింది అని రేపు ఒక్కడు కూడ దాన్ని అనొద్దు. అనేటోళ్ళు నన్నే అననీ. తల్లే గద వేసింది అనాలె."

నేను చాలా దావాలు రాశాను. ప్రతివాదుల్లో తమ పేరు తీసేయమని బతిమాలిన వాళ్ళున్నారు. నింద ముందు తన మీదే పడాలని ఒకటో వాదిగా తన పేరు రాయించుకున్న మనిషిని ఆమెను తప్ప చూడలేదు.

రజితను ఒప్పించడం అంత తేలిగ్గా జరగలేదు. వకాలత్ మీద సంతకానికి ఇద్దరూ వచ్చిన రోజు నా ముందే గొడవైంది. రజిత పెన్ను పట్టుకోలేదు.

"నేనడిగిన్నా అత్తమ్మా? నాకు పెండ్లి కావాలని నేను మీతోని ఎన్నడన్న అన్ననా?"

"నువ్వెందుకంటవ్? అంటే నేనింత దూరం వస్తుంటినా?"

"రేపు ఆయనొస్తే?"

 ఆమె వేళ్ళు చీర కుచ్చిళ్ళ మీద కుడుతున్నట్టు కదిలాయి. తర్వాత నెమ్మదిగా అంది. "వస్తే నాకొస్తడు. నేనుంట. నీ వయసు నీకొస్తదా?"

రజిత ముఖం పక్కకు తిప్పుకుని సంతకం చేసింది.

దావా రాయడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. రాసింది వినిపించడానికి పట్టింది. తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవడం నా పద్ధతి. కొడుకు పుట్టుక, చదువు, పెళ్ళి వరకు తలూపుతూ వినేది. "మరణించినట్లు" అన్న మాట దగ్గరికి వస్తున్నానని ఎలా తెలిసేదో, అరచెయ్యి ఎత్తేది. "గాడ జర ఆగు బిడ్డా" అని బయట వరండాలోకి పోయి కుండలో నీళ్ళు తాగి వచ్చేది. వచ్చాక ఆ తర్వాతి వాక్యం నుంచి చదవమనేది. చివరిదాకా ఆ ఒక్క వాక్యం నేను ఆమెకు చదవలేదు. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పేజీ కింద వేలిముద్ర కాదు, వంకర టింకరగా సంతకమే పెట్టింది.

ఇప్పుడు మాకు దావా అంటే కట్ట మోసుకుని కౌంటర్ ముందు నిలబడటం కాదు. అన్నీ స్కాన్ చేసి, పేజీలకు అంకెలు వేసి, కోర్టు వెబ్‌సైట్లో ఎక్కించాలి. రుసుము కూడా అందులోనే కట్టాలి. ఆమెకు ఇదేదీ తెలియదు. దావా వేసే రోజని చెబితే ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. ఆటోకని రజిత ఇచ్చిన నోటు చేతిలోనే ఉంది.

"పోదమా మరి?"

"ఎక్కడికమ్మా?"

"కోర్టుకు."

ఇక్కడినుంచే వేస్తామని చెప్పాను. ఆమె కంప్యూటర్ వైపు, నా వైపు చూసింది. "గింత పెద్ద మాట గీడ కూసుండి చెప్తమా? అటుదిక్కు వినేటోడు ఎవడన్న ఉంటడా?"

"ఉంటారమ్మా. అక్కడ వాళ్ళు చూసి, అన్నీ సరిగ్గా ఉంటే నంబరు వేస్తారు. తర్వాత మిమ్మల్ని జడ్జి గారు పిలుస్తారు. అప్పుడు వెళ్దాం."

నమ్మలేదు గాని కూర్చుంది. తెర మీద ఒక్కో గడి నింపుతుంటే ఇదేంది, అదేంది అని అడుగుతూనే ఉంది. పేరు, వయసు, చిరునామా. ఫోన్ నంబరు గడి వచ్చినప్పుడు తన నంబరు ఇవ్వొద్దంది. ఆమె చిన్న ఫోన్‌కు వచ్చే పిలుపులన్నీ ఒక్క నిమిషంలో ముగించేది. లైను ఖాళీగా ఉండాలట. రజిత నంబరు వేశాను.

తర్వాత దావా విలువ అన్న గడి వచ్చింది. ఆ అంకెను బట్టే కోర్టు రుసుము లెక్క కడతారు. నేను అంకె వేయబోతుంటే అడిగింది.

"గదేంది?"

అలవాటుగా చెప్పేశాను. "విలువమ్మా. ఎంతో ఒక విలువ రాయాలి."

"దేనికి విలువ?"

 ఆమె తెర వైపే చూస్తూ ఉంది.

"మా పిలగానికా? ఎంత రాస్తున్నవ్?"

మనిషికి కాదమ్మా, దావాకు, ఊరికే రుసుము కోసం, అందరికీ ఇలాగే రాస్తారు అని ఏదో చెప్పాను. ఆమె తల ఊపింది. అంకె ఎంతో మళ్ళీ అడగలేదు. నేనే కుర్చీ కొద్దిగా అటు జరిపి, ఆమెకు కనపడకుండా అంకె కొట్టాను.

ఆ రోజు దావా వేయలేకపోయాం. కొడుకు ఫొటో స్కాన్‌లో ముఖం నల్లటి మచ్చలా వచ్చింది. పోలీసులకిచ్చిన ఫొటోకు జెరాక్స్ అది. ఇలా పంపితే స్పష్టంగా లేదని తిప్పి పంపుతారు, వేరేది తెమ్మన్నాను. ఇంకో రోజు పెళ్ళి ఫొటో ఫ్రేముతో సహా తెచ్చింది. వెనక అట్టకు కొట్టిన సన్న మేకులు నా బల్ల మీది కత్తెర మొనతో ఒక్కొక్కటీ ఊడదీసింది. నేను ఫొటో తీసుకుని స్కానర్ అద్దం మీద బోర్లా పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"ముఖం కిందికెందుకు పెడ్తవ్?"

"అలా పెడితేనే వస్తుందమ్మా."

చెయ్యి వదల్లేదు కాసేపు. తర్వాత కొంగుతో అద్దం తుడిచింది. ఒకసారి కాదు, మూలలు కూడా వదలకుండా తుడిచి, ఫొటో తనే తీసుకుని తనే మెల్లగా బోర్లా పెట్టింది. మూత మాత్రం నన్ను వేయమంది.

తెర మీద ఫొటో వచ్చింది. పూలదండల మధ్య సన్నటి మీసంతో, నవ్వాలా వద్దా అన్నట్టున్న కుర్రాడు. పక్కన రజిత. "మంచిగొచ్చిండు" అంది.

అన్నీ సిద్ధమయ్యాక కూడా రెండుసార్లు లేచి వెళ్ళిపోయింది. ఒకసారి కళ్ళు తిరుగుతున్నాయంది. ఇంకోసారి ఇవాళ శనివారం, వద్దంది. నేను తొందరపెట్టలేదు. ఆ తర్వాత ఒక రోజు మూటతో దుకాణానికి పోతూ పోతూ, చెప్పకుండా పైకి వచ్చింది. ఇస్త్రీ చీర లేదు, దువ్విన తల లేదు.

"ఇయ్యాల పంపిద్దం" అంది, నిలబడే. "ఏడ నొక్కాలె?"

నేను నొక్కుతానన్నాను. ఒప్పుకోలేదు. "నా పేరే గద ముందుంది. నేనే నొక్కుత." మౌస్ మీద ఆమె చెయ్యి పెట్టి, పైన నా చెయ్యి ఉంచి, బాణాన్ని అక్కడిదాకా తీసుకుపోయాను. చూపుడువేలు కొన సూదిపోట్లతో గరుకుగా తగిలింది. ఆ వేలితోనే నొక్కింది. దావా అందిందని తెర మీద వచ్చింది. చదివి చెప్పాను.

"గంతేనా?" అంది. మూట చంకన పెట్టుకుని దిగిపోయింది.

నంబరు పడింది. పేపరు ప్రకటనలు, వాయిదాలు అన్నీ జరిగాయి. సాక్ష్యం రోజు బోనులో నిలబడ్డప్పుడు ఆమె తల మాత్రమే కనిపించింది. దావాలో ప్రతివాదులుగా చేర్చిన పోలీసుల తరఫు వకీలు మంచివాడే. ఒకటే ప్రశ్న అడిగాడు.

"అమ్మా, మీ కొడుకు బతికి లేడని మీరు చెబుతున్నారా?"

ఆమె నా వైపు చూసింది. నేను ఏమీ చెప్పడానికి వీల్లేదు.  రజిత బెంచీ మీద తల వంచుకుని కూర్చుంది. జడ్జి గారు కలం పక్కన పెట్టి, "తొందరేం లేదమ్మా, నిదానంగా చెప్పండి" అన్నారు.

"పోయినకాడినుంచి నాకు కనపడలేదు, వినపడలేదు సారూ" అంది. "ఎవ్వరికీ కనపడలేదు. నేను గదొక్కటే చెప్పగలుగుత. మిగిలింది మీరు చెప్పున్రి. మీరు చెప్తే ఈ పిల్ల బతుకుతది."

జడ్జి గారు ఆ మాటలు అలాగే రాయించారు.

తీర్పు వచ్చింది. ఆ తర్వాత మునిసిపల్ ఆఫీసులో మరణ ధ్రువపత్రం తీసుకోవాలి. దాని మీద తేదీ ఉండాలి. అతను ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు కనుక, దావా వేసిన రోజే మరణించినట్లుగా భావించాలని తీర్పులో ఉంది. ఇది మామూలే. నేను ఆ తీర్పు కాపీ ఆమె చేతికి ఇచ్చి, ముఖ్యమైన వాక్యాలు చెబుతూ ఈ సంగతీ చెప్పాను. ఆలోచించకుండా చెప్పాను.

ఆమె కాగితం మడతపెడుతున్నది ఆగింది.

"ఏ దినమన్నవ్?"

తేదీ మళ్ళీ చెప్పాను.

"గది మనం గీడ కంప్యూటర్ల నొక్కిన దినం గద."

"ఔనమ్మా. కాగితం కోసం ఒక తేదీ ఉండాలి కదా, అందుకని…"

"నేను నొక్కినంక పోయిండన్నట్టు."

అది చట్టం పెట్టుకున్న లెక్క మాత్రమేనని, నిజంగా జరిగినదానికీ దానికీ సంబంధం లేదని చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆమె విన్నది. "తెలుసు బిడ్డా, కాగితం కోసమే" అని నన్నే సముదాయించింది. కింద చెప్పుల దుకాణం దగ్గర కాసేపు నిలబడి ఉండటం కిటికీలోంచి చూశాను. కుడిచేతి వేలును ఎడమ అరచేతిలో పట్టుకుని ఉంది. తర్వాత నాంపల్లి వైపు నడిచింది.

రజిత పెళ్ళి రిజిస్ట్రార్ ఆఫీసులో అయింది. సాక్షి సంతకం అత్తగారే చేసింది. పెళ్ళికొడుకు చొక్కా గుండీలన్నీ ఒకే రంగువి. ముందురోజే ఆమె తెప్పించుకుని మార్చి కుట్టిందట. దంపతులు ఖైరతాబాద్‌లో కాపురం పెట్టారు. తమతో వచ్చి ఉండమని ఇద్దరూ ఎంతో అడిగారు. వెళ్ళలేదు. చుట్టాలు మాత్రం కొడుక్కి కర్మ చేయించమని పట్టుబట్టారు. కోర్టే చెప్పాక ఇంకా ఎందుకు ఆలస్యం అన్నారు. "కోర్టు రజితకు చెప్పింది. నాకు చెప్పలె" అని వాళ్ళను పంపించేసిందని రజిత ఒకసారి నాతో అంది.

ఆఖరిసారి కలిసింది రెండేళ్ళ కిందటి వానాకాలంలో. పోస్టాఫీసు ముందు గొడుగు లేకుండా మూట మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని నడుస్తోంది. మనిషి తడిసినా చీరలు తడవకూడదు. లోపలికి వచ్చి టీ తాగమన్నాను. "ఇంకోపాలి వస్త బిడ్డా" అంది. చూపు తగ్గిందట, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి వాళ్ళను పిలవాల్సి వస్తోందట. రజిత మొగుడు కొత్త అద్దాలు చేసి పెట్టాడట గాని, పెట్టుకుంటే నేల ఎత్తుపల్లాలుగా కనిపిస్తోందట. చెబుతూ నవ్వింది. రజితకు నెల తప్పిందని కూడా అప్పుడే చెప్పింది. "నేను నానమ్మనో అమ్మమ్మనో ఎర్కలే. ఏదన్న ఒకటి" అంది.

రజిత ఫోన్ చేసిన ఆ రోజు శ్మశానానికి నేను వెళ్ళేసరికి పదిమంది కూడా లేరు. రజిత భర్త ఏడాది పాపను ఎత్తుకుని చెట్టు కింద నిలబడ్డాడు. చుట్టాల్లో ఆమె మరిది కొడుకు ఒకడు వచ్చాడు. అక్కడ రశీదులు రాసే పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"తలకొరివి ఎవరు పెడ్తున్రు? కొడుకులున్నరా?"

మరిది కొడుకు ముందుకు వచ్చాడు. "ఒక్కడుండె. వాడు ఎన్నడో…"

రజిత అతని మాట మధ్యలోనే ఆపింది.

"ఉన్నడు" అంది. "ఊర్ల లేడు."

ఆ తీర్పు తెచ్చిచ్చిన వకీలునైన నేను ఆమె పక్కనే ఉన్నాను. భర్త పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. 

పెద్దాయన తలెత్తి చూశాడు. "ఎప్పటికొస్తడు? ఆగుతరా మరి?"

"ఆగం" అంది రజిత. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. "నేను పెడ్త."